చక్రం ఆగిన చోటు

ఇనప్పెట్టె మూత ఎత్తగానే లోపలి వేడి ముఖాన కొట్టింది. మంగళవారం ఉదయం ఎనిమిదింబావు. ఓక్స్ టీచర్ చివరిసారి మనిషి కంటపడి డెబ్బై నాలుగు గంటలు దాటింది.

పెట్టెలో తొమ్మిది నీళ్ళ డబ్బాలున్నాయి. ప్రతి దాని మీదా ఒక పేరు, ఒక తేదీ. కొండ మీది మకాం నుంచి గండి గుండా నది దాకా సాగే కాలిబాట పంతొమ్మిది మైళ్ళ చిల్లర. మే నెలాఖరులో ఆ దారిలో గుక్కెడు నీళ్ళు దొరకవు. అందుకే పదమూడో మైలు దగ్గర, బాట మట్టిరోడ్డును దాటే చోట ఈ పెట్టె పెట్టారు. నడిచేవాళ్ళు తమ నీళ్ళు ముందే ఇక్కడ పెట్టించుకుంటారు. ఒకరి నీళ్ళు ఇంకొకరు ముట్టరు. మా కౌంటీలో చర్చికి వెళ్ళనివాడు కూడా ఆ ఒక్క నియమం పాటిస్తాడు.

రెండు డబ్బాల మీద ‘ఎడ్నా ఓక్స్, శనివారం’ అని నల్లసిరాతో రాసి ఉంది. రెండూ నిండుగా ఉన్నాయి. సీళ్ళు ఊడలేదు.

“శనివారమే పెట్టావా బావా?” అన్నాను.

“చెప్పానుగా. రాసుంది, చదువుకో,” అన్నాడు ఎలాడియో. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

ఎలాడియో నాటివిడాడ్ నా మొగుడికి అన్న. నా మొగుడు పోయి ఆరేళ్ళయింది, బావ మాత్రం మిగిలాడు. పాత వ్యానులో యాత్రికుల్ని బాటల మొదట్లో దింపడం, చివర్లో ఎక్కించుకోవడం అతని పని. శనివారం పొద్దున అయిదు నలభైకి ఓక్స్ టీచర్ని కొండ మీది మకాంలో దింపాడు. అదేరోజు ఈ పెట్టెలో నీళ్ళు పెట్టాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి గండి ముఖం దగ్గర ఆమెను ఎక్కించుకోవాలి. ఆమె రాలేదు. సోమవారం సాయంత్రం ఏడూ పదికి మా షెరిఫ్ ఆఫీసుకొచ్చి చెప్పాడు.

నన్ను పంపుతూ షెరిఫ్ హార్లన్ ప్రూయిట్ ఒక్కటే మాట అన్నాడు. “నిర్లక్ష్యం కేసు రాయి ఒటీలియా. చుట్టమని చూడకు. మధ్యాహ్నానికల్లా అతని సంతకం నా బల్ల మీద ఉండాలి.”

నేను వేలితో ఒక డబ్బా మెడ మీద గీశాను. ఎర్రటి దుమ్ములో చార పడింది. ఏడు డబ్బాల మీదా అదే దుమ్ము, వేలి మందాన. టీచరు డబ్బాలు రెండూ మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

“ఆదివారం సాయంత్రం నాలుగింటికి దుమ్ముగాలి వచ్చింది. మూత సందులోంచి పెట్టెలోకి దూరింది. ఇవి ఆ గాలి చూడలేదు బావా.”

అతను చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

“ఎప్పుడు పెట్టావు?”

“శనివారం...”

“నన్ను చూసి చెప్పు.”

ఎలాడియో రోడ్డు పక్కన కూలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. “నిన్న పొద్దున. సోమవారం తొమ్మిదింటికి. శనివారం మధ్యాహ్నం నది దాటి అవతలి ఊరెళ్ళాను. మనవరాలి బాప్తిస్మం. రాత్రికి తిరిగొద్దామనుకున్నాను. తాగాను. లేచేసరికి ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది. అప్పటికి గాలి మొదలైంది, పడవవాడు రానన్నాడు. నిన్న వచ్చి పెట్టి, శనివారం అని రాశాను. ఆమె అప్పటికే ఇక్కడికొచ్చి, పెట్టె తెరిచి, ఖాళీ చూసుకుని ముందుకెళ్ళిపోయి ఉంటుంది. నేనే చంపాను ఒటీలియా. కాగితం ఇవ్వు, ఎక్కడ పెట్టాలి సంతకం?”

కాగితం నా జేబులోనే ఉంది. తియ్యలేదు.

మూత లోపలివైపు తీగకు వేలాడే పుస్తకం తీశాను. వచ్చినవాళ్ళు పేరు, వేళ రాసి వెళ్ళే పుస్తకం. ఆదివారం ఇద్దరు రాశారు. సోమవారం ఒక్కరూ లేరు. ఓక్స్ టీచర్ చేతిరాత ఎక్కడా లేదు.

ఆ చేతిరాత నాకు తెలుసు. టీచరు మూడేళ్ళు నాకు భూగోళం చెప్పింది. నా పటాల్లో నది వంపు తప్పుగా గీస్తే ఎర్రసిరాతో ఎంత రాసేదో నాకు తెలుసు. రిటైరయ్యాక ఈ ఎడారి బాటలన్నిటికీ దారి పుస్తకం రాసింది. ఇప్పటికి అయిదుసార్లు అచ్చయింది. ఆరోసారి అచ్చుకోసం ప్రతి బాటా మళ్ళీ నడుస్తోంది, పసుపు రంగు కొలచక్రం తోసుకుంటూ.

“బావా, లే. ఆమె ఇక్కడికొచ్చి నీళ్ళు లేకపోతే ఊరుకుంటుందా?”

అతను తలెత్తాడు.

“నిన్ను తిడుతూ సగం పేజీ రాసుండేది. నీ వ్యాను నంబరుతో సహా. ఆమె ఈ పెట్టె దాకా రానేలేదు.”

ఎలాడియో ఏడ్చాడు. నాకు మాత్రం ఒక లెక్క కుదరలేదు. ఎందుకంటే ఆమె చక్రం నిన్న సాయంత్రం నది ఒడ్డున దొరికింది. నది ఇక్కడికి ఆరున్నర మైళ్ళ అవతల. పెట్టె దగ్గరికి రాని మనిషి చక్రం, పెట్టె దాటి అంత దూరం ఎలా వెళ్ళింది?

*

గండి ముఖం దగ్గర పార్కువాళ్ళు గుడారం వేశారు. తొమ్మిదీ పదికి చేరాం. నీళ్ళ సంగతి దారిలోనే రేడియోలో షెరిఫ్‌కి చెప్పాను, అది మాకంటే ముందే ఇక్కడికి చేరింది. మూడు పడవలు నీళ్ళలో ఉన్నాయి. హెలికాప్టరు అవతలి గట్టు మీదుగా చుట్లు తిరుగుతోంది.

వెతుకులాటకి పెద్ద కర్టిస్ వాండివర్. పార్కు రేంజరు. ఆరడుగుల పైన మనిషి, పెదాలు ఎండకి పగిలి రక్తం ఓడుతున్నాయి. నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

“మీ చుట్టాన్ని కూడా తెచ్చావే. ఇది కుటుంబ యాత్రా?”

“చక్రం చూడాలి.”

“చూసి? నదిలో పడింది. నీళ్ళు లేక దాహంతో వచ్చింది, ఒడ్డున చక్రం వదిలింది, నీళ్ళకి దిగింది, కొట్టుకుపోయింది. దీనికి డిటెక్టివు కావాలా?”

“చక్రం చూపించు కర్టిస్.”

చక్రం గుడారం మూల నిలబెట్టి ఉంది. కర్ర చివర చిన్న చక్రం, దాని పక్కన అడుగులు లెక్కపెట్టే మీటరు. తోసుకుంటూ నడిస్తే అంకెలు పెరుగుతాయి. దానికి కట్టిన చీటీ చదివాను. దొరికిన చోటు, గండి ముఖం. దొరికిన వేళ, సోమవారం సాయంత్రం ఏడూ యాభై. తెచ్చినవారు అన్న చోట ఏమీ లేదు.

“ఎవరు తెచ్చారు?”

“మీ ఆఫీసు వాళ్ళే. నన్నడుగుతావేం?”

ఎలాడియో వెనకనుంచి గొణిగాడు. “నిన్న ఆరు దాకా నేనిక్కడే కూర్చున్నాను సార్. ఈ రాయి మీదే. ఆరు గంటలసేపు. చక్రం ఉంటే కనపడదా?”

“నీళ్ళు పెట్టానని అబద్ధం చెప్పింది నువ్వే కదూ?” అన్నాడు వాండివర్. ఎలాడియో తల వంచుకున్నాడు.

నేను మనసులో లెక్క వేశాను. ఎలాడియో ఇక్కణ్ణుంచి కదిలింది ఆరింటికి. మా ఆఫీసుకి చేరింది ఏడూ పదికి. దారి గంటా పది నిమిషాలు, అంతకు తగ్గదు. అతను చెప్పాక ఎవరు బయల్దేరినా ఇక్కడికి వచ్చేది ఎనిమిదీ ఇరవైకి. చక్రం దొరికింది ఏడూ యాభైకి. అంటే టీచరు తప్పిపోయిందని ఎవరికీ తెలియకముందే మా ఆఫీసు మనిషి ఒకడు ఇటు బయల్దేరాడు.

వంగి మీటరు అద్దం తుడిచాను.

38,544.

“ఇది ఎవరైనా చూశారా?”

“పాత సామాను. అంకెలు అటూ ఇటూ అయి ఉంటాయి.”

“ముప్పై ఎనిమిది వేల అయిదొందల నలభై నాలుగు అడుగులు. మైలుకి అయిదువేల రెండొందల ఎనభై. ఏడు పాయింట్ మూడు మైళ్ళు, అడుగు తేడా లేకుండా. ఇక్కడికి కొండ మీది మకాం నుంచి ఎంత?”

వాండివర్ వంగి మీటరు అద్దంలోకి చూశాడు.

“పంతొమ్మిది పాయింట్ ఆరు. ఆమె ఈ చక్రాన్ని ఇక్కడిదాకా తోసుకు రాలేదు కర్టిస్. ఏడు పాయింట్ మూడు దగ్గర చక్రం ఆగింది. అక్కణ్ణుంచి ఎవరో చేత్తో మోసుకొచ్చి ఇక్కడ పెట్టారు.”

“లేకపోతే మధ్యలో మీటరు సున్నా చేసుకుంది.”

“ఆమె పుస్తకంలో ప్రతి కొలతా మొదటినుంచే. మధ్యలో సున్నా చెయ్యడం ఆమెకి తప్పు చేసినట్టే. మా పటాలకి అలాగే మార్కులు కొట్టేసేది. హెలికాప్టరు కొండల మీదికి పంపు. ఒక్క గంట చాలు.”

“కుదరదు.”

“ఆమె దగ్గర ఉన్నది గాలనున్నర నీళ్ళు. శనివారానికీ, ఆదివారం పొద్దుటికీ. ఇవాళ మంగళవారం. కర్టిస్, ఒక్క గంట.”

అతను నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “పోయినేడు జూన్లో నీలాగే ఒకడు వచ్చి ఇలాగే లెక్క చెప్పాడు. నమ్మి నా కింద పనిచేసే పిల్లల్ని ఆ కొండల్లోకి పంపాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సాయంత్రానికి ఎండదెబ్బతో పోయింది. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది నేను. వెతకాల్సినవాడు కొండ అవతల సారాయి కొట్లో దొరికాడు. ఒక మీటరు అంకె చూసి మళ్ళీ పంపమంటావా?”

“నేను వెళ్తాను. నీ మనుషులొద్దు. హెలికాప్టరొక్కటి.”

“పార్కు హద్దుల్లో నీ అధికారం లేదు. ఏదైనా దొరికితే మీ షెరిఫ్‌తో చెప్పించు. నా రేడియో ఛానల్లోకి నువ్వు రావద్దు. ఇక వెళ్ళు, నా మనుషులు శవాన్ని వెతుక్కోవాలి.”

శవం అన్న మాటకి ఎలాడియో అడుగు ముందుకేశాడు. చెయ్యి పట్టుకుని ట్రక్కు దాకా లాక్కెళ్ళాను.

సీటు కింద ఆమె పుస్తకం ఉంది, అయిదో అచ్చు. ఆ బాట పేజీ తీశాను. ‘7.1: ఎడమకు చీలిక. 7.35: చిన్న ఊట, చాలా ఏళ్ళు ఎండి ఉంటుంది, నమ్ముకోవద్దు. 7.4: పశువుల మక్తా (సొంత మేతభూమి) కంచె, చీలిక దారి ఆఖరు.’

ఏడు పాయింట్ మూడు దగ్గర ఏమీ లేదు.

“పాదరసం గనుల పాత రోడ్డు అటు పోతుంది,” అన్నాడు ఎలాడియో నా భుజం మీంచి చూస్తూ. “ఎవరూ వాడరు. చిన్నప్పుడు మా నాన్నతో వెళ్ళాను. చీలిక దగ్గరికి అరమైలు దూరంలో దింపుతుంది.”

“దారి గుర్తుందా?”

“బండి పోనీ, చెప్తాను.”

రేడియోలో షెరిఫ్‌ని పిలిచాను. చక్రం సంగతి, అంకె సంగతి చెప్పాను. “సర్, నిన్న చక్రం తెచ్చింది మనవాళ్ళలో ఎవరు?”

రేడియో గరగరలాడింది. “ఎవరో కుర్రాడు తెచ్చుంటాడు. కనుక్కుంటాను. ఎలాడియో సంతకం అయిందా?”

“లేదు సర్. నేను పాత గని రోడ్డు మీద వెళ్తున్నాను.”

“వెనక్కి రా ఒటీలియా. అది ఆర్డరు.”

పందొమ్మిదేళ్ళు ఆ మనిషి కింద పనిచేశాను. నా మొగుడి శవపేటిక మోసిన ఆరుగురిలో అతనొకడు. అతని మాట కాదనడం అదే మొదటిసారి. “సిగ్నల్ పోతోంది సర్,” అని కట్టేశాను.

*

గని రోడ్డు రెండున్నర గంటలు తిన్నది. రెండుచోట్ల దిగి రాళ్ళు తొలగించాం. ఒకచోట వెనక చక్రం గోతిలో దిగబడితే ఎలాడియో చేతులతో ఇసుక తవ్వాడు. అతని గోళ్ళలోంచి రక్తం వచ్చింది. చూసుకోలేదు. ట్రక్కు ఆపేసరికి పన్నెండు దాటింది. ఎండ ఫారన్‌హీటులో నూటపది డిగ్రీలు. మూడు గాలన్ల నీళ్ళు, ట్రక్కు లాగే తాడు భుజాన వేసుకుని నడిచాం.

“టీచర్!” అని అరుస్తూ నడిచాం. రాళ్ళు మా గొంతులే మాకు తిప్పి పంపాయి. ఎలాడియో ప్రతి పొదకిందా చూస్తున్నాడు. ప్రతిసారీ వంగేముందు ఊపిరి బిగపట్టడం నాకు వినపడుతోంది. నేనూ అంతే. ప్రతి నీడా పడిపోయిన మనిషిలా కనిపించింది.

చీలిక దాటాం. ఇరుకు లోయ. దుమ్ముగాలి బాట మీది జాడలన్నీ తుడిచేసింది. కానీ ఒకచోట కొండ చూరు బాట మీదికి వంగి ఉంది. దాని కింద పదడుగుల మేర ఇసుక కదల్లేదు. అందులో సన్నటి గీత ఒకటి, తిన్నగా, దారం పరిచినట్టు. పక్కన చిన్న బూట్ల అచ్చులు.

“చక్రం,” అన్నాడు ఎలాడియో గుసగుసగా.

గీత వెంట మలుపు తిరిగాం. అడ్డంగా కంచె. కొత్త ఇనప స్తంభాలు, కొత్త తీగ. స్తంభాల మొదట్లో సిమెంటు ఇంకా తెల్లగా ఉంది. పాత పుస్తకంలో ఇంకా పైన, 7.4 దగ్గర ఉండాల్సిన కంచె. దాని అవతల ఊట తడి మెరుస్తోంది. ఊట ఇప్పుడు కంచె లోపల ఉంది.

దాని గురించి ఆలోచించే తీరిక లేదు. కుడివైపు రాళ్ళ మధ్యనుంచి తేనెటీగలు పైకి లేస్తున్నాయి, మళ్ళీ కిందికి దిగుతున్నాయి. ఎడారిలో తేనెటీగ తిరిగేచోట తడి ఉంటుంది. పరుగెత్తాను.

రాతిదొన. వాననీళ్ళు వేల ఏళ్ళుగా తొలిచిన గుంట, రెండు నిలువుల లోతు, గోడలు గాజులా నున్నగా ఉన్నాయి. దిగినవాడు ఎక్కలేడు. అడుగున బెత్తెడు లోతు బురదనీళ్ళు. ఆ నీళ్ళ పక్కన, మెడకి తడిబట్ట చుట్టుకుని, ఒక కాలు తప్పు దిక్కుకి తిరిగి, ఓక్స్ టీచర్.

కదల్లేదు.

“టీచర్!”

కళ్ళు తెరిచింది. చాలాసేపు నా వైపు చూసింది. పెదాలు కదిలాయి. “ఒటీలియా బాయెజా,” అంది. పెళ్ళికి ముందు పేరు. “బడికీ ఇంతే ఆలస్యంగా వచ్చేదానివి.”

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. ఎలాడియో మోకాళ్ళ మీద కూలి మొక్కుతున్నాడు. రేడియో ఎత్తాను. “సర్, దొరికింది! బతికే ఉంది! ఏడు పాయింట్ మూడు, కంచె దగ్గర దొనలో. వాండివర్‌కి చెప్పండి, హెలికాప్టరు, స్ట్రెచర్...”

జవాబు వెంటనే వచ్చింది. “శభాష్. ఆమెను కదపకు. నేను దగ్గర్లోనే ఉన్నా, పది నిమిషాల్లో వస్తా.”

ప్రాణం లేచొచ్చింది. ఎలాడియో తాడు నడుముకి చుట్టుకుని, ఒక బండకి కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. తాడు పట్టుకుని నేను దొనలోకి దిగాను.

మూత నిండా నీళ్ళు పోసి ఒక్కో గుక్కా పట్టించాను. ఆమె చెయ్యి ఎండుటాకులా ఉంది. “మెల్లిగా టీచర్. ఎలా బతికారు?”

“రోజుకి నలభై నిమిషాలే ఎండ పడుతుంది ఇక్కడ. కొలిచాను. ఈ బురద బట్టలో పిండుకుని తాగాను. రుచి బాలేదు.” ఇంకో గుక్క తాగింది. “తాడు నువ్వు తెచ్చావా? హార్లన్ ఏడి?”

“షెరిఫ్ వస్తున్నాడు టీచర్. పది నిమిషాల్లో ఉంటానన్నాడు.”

“మూడు రోజుల కిందటా అదే అన్నాడు.”

మూత కింద పెట్టి ఆమె వైపు వంగాను.

“శనివారం పదీ ఇరవైకి,” అంది ఆమె. గొంతు అట్టడుగు నుంచి వస్తున్నా వేళ మాత్రం తప్పు చెప్పలేదు. “కంచె దాకా కొలిచాను. ఏడు పాయింట్ మూడు. అతను అవతల స్తంభాలు చూసుకుంటున్నాడు. ఆ మక్తా అతనిదే కదా, హోటలు కట్టేవాళ్ళకి అమ్ముతున్నాడు, ఊటతో సహా. ‘నీ కంచె పదో వంతు మైలు పార్కులోకి జరిగింది హార్లన్, పుస్తకంలో రాస్తాను’ అన్నాను. మర్యాదగానే మాట్లాడాడు. నేను చక్రం ఎత్తిపట్టుకుని తిరిగి వస్తూ ఈ దొనలో నీళ్ళున్నాయా అని వంగాను. జారాను.”

“తోశాడా?”

“లేదు. నా తప్పే. నేను అరిస్తే వచ్చాడు. అంచున గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు ఒటీలియా. ఏం ఆలోచిస్తున్నాడో ముఖంలో తెలిసిపోయింది. పరీక్షలో కాపీ కొట్టే పిల్లల ముఖం అలాగే ఉంటుంది. తాడు తెస్తానన్నాడు. నా సంచీ, చక్రం తీసుకుని వెళ్ళాడు.”

పది నిమిషాలు. మా ఆఫీసు నుంచి ఇక్కడికి మూడు గంటల దారి. పది నిమిషాల్లో రాగలిగిన మనిషి పొద్దున్నుంచీ ఈ కొండల్లోనే ఉండాలి. లేకపోతే నేను గని రోడ్డు పేరు చెప్పినప్పుడే బయల్దేరి ఉండాలి. హెలికాప్టరు కోసం నేను పంపిన కబురు అతని చెవి దాటి ఎక్కడికీ పోయి ఉండదు.

రేడియో మీట నొక్కాను. దొన గోడలు సిగ్నల్ మింగేశాయి.

పైన, కంచె అవతల, ఇంజను చప్పుడు ఆగింది. తలుపు మూసుకుంది. బూట్ల అడుగులు కంకర మీద నింపాదిగా వచ్చాయి. దొన అంచున టోపీ నీడ పడింది.

“ఎలా ఉంది ఆవిడ?” అన్నాడు షెరిఫ్ ప్రూయిట్. “మాట్లాడుతోందా?”

టీచరు నా మణికట్టు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

“లేదు సర్. స్పృహ లేదు. హెలికాప్టరు...”

“వస్తుంది. ఎలాడియో, నువ్వెళ్ళి నా ట్రక్కు ఇటు తిప్పు. తాడు నేను పట్టుకుంటాను.”

ఎలాడియో కదిలిన చప్పుడు లేదు. ఈ దొనలో గుసగుసలాడినా పైకి స్పష్టంగా వినపడుతుందని నాకప్పుడు తట్టింది. టీచరు చెప్పిన ప్రతి మాటా బావ విన్నాడు.

“నా మరదలు కింద ఉంది సార్,” అన్నాడు ఎలాడియో.

“ఉంటే? నేను పైకి లాగుతాను. లే.”

“లేవను సార్.”

షెరిఫ్ ఒక అడుగు ముందుకేశాడు. తర్వాత గొంతు మెత్తబడింది. “చూడు ఎలాడియో. నీ మీద కేసు కాగితం ఒకటుంది. నీళ్ళ సంగతి. దాన్ని చింపేస్తాను. ఇంటికెళ్ళి నీ మనవరాల్ని ఎత్తుకో. తాడు ఇటివ్వు.”

“చింపొద్దు సార్. అందులో రాసింది నిజమే.”

“తాడు వదలమన్నానా!”

“వదలను.”

తోలు ఒర బొత్తం ఊడిన చప్పుడు వినపడింది. పందొమ్మిదేళ్ళుగా ఎరిగిన చప్పుడు. నా తుపాకి మొలలో ఉంది, కానీ కిందనుంచి నాకు కనిపించేది గుండ్రటి ఆకాశం, టోపీ అంచు, అంతే. తాడు రెండు చేతులా పట్టుకుని గోడకి కాలు తన్నిపెట్టాను.

“వెళ్ళు,” అంది టీచరు కళ్ళు తెరవకుండానే. “నా సంగతి తర్వాత.”

ఒక అడుగు ఎక్కాను. రెండో అడుగు. బూటు జారింది. మోచెయ్యి రాతికి రాసుకుని చర్మం లేచిపోయింది. పళ్ళు బిగించి మళ్ళీ ఎక్కాను. తాడు అవతలి కొసన ఉన్న మనిషి ఊపిరి బరువు నా చేతుల్లోకి తెలుస్తోంది.

తుపాకి పేలింది. లోయ ఆ చప్పుణ్ణి ఎన్నిసార్లు తిప్పి తిప్పి కొట్టిందో లెక్కపెట్టలేదు. పైనుంచి కంకర రాలి నా ముఖాన పడింది. ఎలాడియో నోటినుంచి ఒక్క మూలుగు వచ్చింది.

తాడు సడలలేదు.

ఇంకో అడుగు ఎక్కాను.